లైను జరిగితే

కావలి ట్రంకురోడ్డులో, మందుల షాపు మీద
పదడుగుల గది నాది.
ఒక ప్రింటరు, ఒక పాత కంప్యూటరు,
కరెంటు పోయినప్పుడల్లా
ఆకలేసిన పిల్లిలా అరిచే యూపీఎస్.
ఇరవై ఏళ్ళుగా పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, కర్మంతరం కార్డులు.

ఈసారి వచ్చింది తుమ్మలపెంట వాళ్ళ పని.
మత్స్యకార సంఘం పాతికేళ్ళ పుస్తకం,
నలభై నాలుగు పేజీలు.
పందొమ్మిదో పేజీ నుంచి
సముద్రం మీదికి పోయి తిరిగి రాని వాళ్ళు:
పేరు, వయసు, పోయిన తుపాను, పక్కన ఫోటో.
వాళ్ళ వరస అయిపోగానే కార్యవర్గం వరస.

రాత్రి పదకొండుకి కార్యదర్శి ఫోను.
"అబ్బయా, ఏడో పేజీలో ఒక్క లైను కలుపు,
ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళు అయిదువేలిచ్చారు."
నిద్రమత్తులో కలిపాను.
ఒక్క లైనే.

ఏడో పేజీ ఎనిమిదిని తోసింది, ఎనిమిది తొమ్మిదిని.
కండక్టరు "ఎనక్కి జరగండి, జరగండి" అన్నట్టు
పేర్లన్నీ జరిగాయి.
ఫోటోలు మాత్రం
ఎక్కడ పెట్టినవి అక్కడే నిలబడ్డాయి.

పొద్దున్నే ప్రూఫు చూసుకోను
అధ్యక్షుడు తిరుపాలు వచ్చాడు.
తన మీసాల ఫోటో పక్కన
'స్వర్గీయ పామంజి పోలయ్య' అని ఉండాది.
"నేనింకా నెల్లూరికే సరిగ్గా పోలా,
ఏకంగా పైకే పంపిచ్చేశావేంది?"
నవ్వితే గ్లాసులో టీ ఒలికి బల్ల మీద పడింది.
నేనూ నవ్వబోయాను.

వెనక నిలబడిన ముత్యాలమ్మ నవ్వలేదు.
ఆమెకు చదువు రాదు.
వేలు మాత్రం ముఖాల మీద నడుస్తోంది.
"ఈడు మా మరిది. పక్కన రాసింది ఎవురి పేరు?"
చెప్పాను.
"ఆ పిలగోడు వేరే తుపానుకి గదా పోయింది" అంది.

మళ్ళీ మొదట్నుంచీ కూర్చున్నాను.
పేజీ మీద పెట్టిన ఫోటో పేజీకే చుట్టం,
పేరుతో దానికేం పని?
దాన్ని అక్కణ్ణుంచి కత్తిరించి
పేరు చివర, కర్సరు మినుకుమనే సందులో
అతికించాలి.
ఇక అది బొమ్మ కాదు,
ఆ వాక్యంలో ఇంకో అక్షరం.

దీన్ని లంగరెయ్యడం అంటారని తిరుపాలుకి చెప్పాను.
"లంగరేస్తే కదలదు గదయ్యా.
ఇది కలిసి కదిలేది. తెప్ప కట్టడం అనాల.
ఒడ్డుకు రాంగానే దుంగలు విప్పుతాం, ఎండాల గదా.
తెల్లారుజామున మళ్ళా కడతాం.
కట్టకుండా ఎవుడూ పోడు."

నేను పోయాను, ఇరవై ఏళ్ళు.
పెళ్ళికూతురి ఫోటో ముహూర్తం మీదికి జారితే
మౌసుతో పక్కకి లాగి,
అమ్మయ్య అనుకుని, ప్రింటు కొట్టి.

ముప్పై ఒక్క ముఖాలు.
ఒక్కోటీ కత్తిరించి, ఒక్కోటీ కట్టి.
మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది.
మధ్యాహ్నం తిరుపాలు కింద హోటల్నించి
మూడు పొట్లాలు తెచ్చాడు, ముత్యాలమ్మ తినలేదు.

ఇరవై ఏడో పేరు దగ్గర ఉత్త గడి.
వాయల కోటయ్య, ఇరవై ఆరేళ్ళు.
ఫోటో తీయించుకునే పని
ఏదీ పడకముందే పోయాడు.
ముత్యాలమ్మ మొగుడు.

బాగుండదని డిలీట్ మీద వేలు పెట్టాను.
"గడి తియ్యబాక" అంది.

ఆ ఉత్త గడినీ కత్తిరించి
పేరు పక్కన అతికించాను.
చూడమ్మా అని
పైన ఒక లైను తీసేశాను.
పేరు పైకి పోయింది, వెంటనే గడి.
లైను మళ్ళీ కలిపాను.
పేరు దిగింది, గడి దిగింది.

గాజు తెర మీద ఆమె వేలు
దాని వెంటే కిందికి వచ్చింది.
"ఇంకోసారి జరుపు" అంది.